పంచరు కాని సైకిలును తోసుకుంటూ

జమ్మలమడుగు దాకా వెళ్ళి గండికోట చూడకుండా తిరిగొచ్చానంటే గుంటూరులో ఎవరూ నమ్మడం లేదు. లోయ ఫోటోలు చూపించమంటున్నారు. నా ఫోనులో ఉన్నవి ఒక సైకిల్ ఫోటోలు. స్టేషన్ గోడకు ఆనించిన సైకిల్, లారీ మీద సైకిల్, ఫ్లెక్సీ కింద సైకిల్. చూసినవాళ్ళు మర్యాదకు రెండు ఫోటోలు జరిపి ఫోను తిరిగి ఇచ్చేస్తున్నారు. ఆ వైపు వెళ్ళనివాళ్ళ కోసం, గండికోట ఒక్కటే చూసి వచ్చేసినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

సైకిల్ నా భార్య విమలది. ఆమె ఇంజనీరింగ్ కాలేజీలో రోడ్ల ప్రణాళిక పాఠం చెప్పేది. చివరి కొన్నేళ్ళు ఆమె పరిశోధన అంతా ఒకే విషయం మీద నడిచింది. సరదాకు కాదు, పోటీలకు కాదు, పనికి వెళ్ళడానికి సైకిలెక్కే మామూలు మనుషులు చిన్న ఊళ్ళ రోడ్ల మీద ఎలా నెట్టుకొస్తున్నారు, అలాంటివాళ్ళు ఇంకొంతమంది కావాలంటే ఏం చేయాలి అని. అందుకు ఆమె ఎంచుకున్న ఊళ్ళు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల. అక్కడ అద్దె గదుల్లో ఉంటూ, ఈ సైకిల్ మీదే తిరుగుతూ జనాన్ని ప్రశ్నలడిగేది. వచ్చే జవాబులను మాత్రం పెద్దగా నమ్మేది కాదు. "రోజూ తొక్కుతారా?" అంటే అందరూ అవుననే చెబుతారట. ఆమె వంగి టైరు చూసేది. కొత్త టైరుకు సన్నటి రబ్బరు వెంట్రుకలుంటాయి. అవి రాలకుండా ఉంటే మనిషి మంచివాడే, సైకిల్ మాత్రం తొక్కడు అని అర్థం.

ఆమె పోయింది. సైకిల్ మీద కాదు. ఈ మాట ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే దారి పొడుగునా అందరూ మొదట అడిగింది అదే. క్లోమానికి జబ్బు చేసి ఆస్పత్రి మంచం మీద పోయింది. సైకిళ్ళ ప్రమాదాల మీద సెమినార్లు జరుగుతాయి. అందరూ కార్లలో వస్తారు. మంచాల ప్రమాదాల మీద ఎవరూ సెమినార్ పెట్టరు.

పోయే ముందు ఒక పని అప్పగించింది. "సైకిల్ ఎక్కేవాళ్ళకివ్వండి. మన వీధిలో మాత్రం వద్దు. మొహమాటానికి తీసుకుని మెట్ల కింద పడేస్తారు. కడప జిల్లాకు పట్టుకెళ్ళండి. వాళ్ళకు అక్కర్లేకపోతే మొహం మీదే చెబుతారు."

నాకు సైకిల్ తొక్కడం రాదు. సైకిళ్ళ మీద పరిశోధన చేసిన మనిషి మొగుడికి సైకిల్ రాదంటే నవ్వు రావడం సహజం. ఆమె కూడా నవ్వేది. అందువల్ల ఊరికీ ఊరికీ మధ్య సైకిలూ నేనూ ఏదో ఒక బండి ఎక్కి దాటాం. ఊళ్ళలో దాన్ని తోసుకుంటూ నడిచాను.

ఎర్రగుంట్ల

రైలు దిగి స్టేషన్ బయటికి రాగానే ఒక పెద్దమనిషి ఆపాడు.

"పంచరా అప్పా?"

"కాదండీ."

"మరి ఎక్కి తొక్కరాదా?"

"రాదు."

"రానోడివి దీన్ని ఎందుకు తెచ్చినావు?"

గుంటూరులో కూడా ఈ అనుమానం వస్తుంది. కానీ నన్ను అడగరు. నేను వెళ్ళిపోయాక పక్కింటివాళ్ళను అడుగుతారు. ఇక్కడ మూడు ప్రశ్నల్లో నా సంగతంతా తేలిపోయింది. ఆ తర్వాత ఈ ప్రయాణంలో ఇవే మూడు ప్రశ్నలు, ఇదే వరసలో, ప్రతి వీధిలోనూ ఎదురయ్యాయి. కొన్నిచోట్ల విసుగు పుట్టి పంచరే అని ఒప్పుకున్నాను. అలా ఒప్పుకున్న ప్రతిచోటా ఎవరో ఒకరు సైకిల్ లాక్కుని పంచర్ షాపు దాకా తీసుకెళ్ళారు. షాపువాడు ట్యూబు నీళ్ళలో ముంచి, బుడగ రాకపోతే నావైపు అనుమానంగా చూశాడు.

ఎర్రగుంట్లలో కనబడేదంతా సిమెంటు. చిలమకూరు వైపు నుంచి వచ్చే లారీల దుమ్ము చెట్ల మీద, టీ గ్లాసుల మీద సమానంగా పడుతుంది. బస్సు కండక్టర్లు సైకిల్‌ను చూసి తల అడ్డంగా ఊపారు. టీ కొట్టు దగ్గర ఖాదర్ వలీ అనే లారీ డ్రైవరు కలిశాడు. ప్రొద్దుటూరు మీదుగా పోతున్నానని, ఎక్కమని అన్నాడు. సైకిల్‌ను తానే పైకెత్తి తాడుతో కట్టి, దిగి చేతులు దులుపుకున్నాడు.

"ఇన్నేండ్ల నుంచి లారీ తోల్తాండా సార్. కిందికొచ్చిన సైకిళ్ళను సూసినా గానీ, పైకెక్కిన సైకిల్ ఇదే."

అది జోకని గ్రహించడానికి నాకు కొంచెం సమయం పట్టింది.

"ఎవురిది?" అన్నాడు స్టీరింగు ముందు కూర్చున్నాక.

"మా ఆవిడది. పోయింది."

అతను బ్రేకు మీద కాలు పెట్టాడు. "లారీనా?"

"కాదు. జబ్బు చేసి."

"అల్లా దయ" అని గట్టిగా ఊపిరి వదిలాడు. మొహం తేటపడింది. నా దుఃఖంలో తన వృత్తికి వాటా లేదని తేలాక నాతో చాలా స్నేహంగా ఉన్నాడు. ప్రొద్దుటూరు దాకా సైకిల్‌వాళ్ళను తిడుతూనే వచ్చాడు. ఒక్కణ్ణి కూడా ఆనుకుని పోలేదు. వెనకాల బస్సువాడు హారన్ కొడుతున్నా సరే, సైకిల్ కనబడితే వేగం తగ్గించాడు. "వీళ్ళకు బుద్ధి లేదు సార్" అంటూనే తగ్గించాడు.

ప్రొద్దుటూరు

ప్రొద్దుటూరులో దిగినవాళ్ళు ముందు ఎర్రకారం దోశ తినాలి. దోశ మీద ఎర్రటి కారం పూసి, పైన పప్పుల పొడి చల్లి ఇస్తారు. గుంటూరు నుంచి వచ్చానని, కారం నాకు కొత్తకాదని చెప్పాను. హోటల్ ఆయన "అట్లనా" అని ఇంకో గరిటె పూశాడు. ఆ తర్వాత చాలాసేపు నేనెవరితోనూ మాట్లాడలేదు. దోశ ధర మా ఊళ్ళో ఇడ్లీ ధర కంటే తక్కువ. నీళ్ళు ఎన్ని తాగినా ఉచితం.

ఊళ్ళో ఒక రోడ్డు అంచున ఆకుపచ్చ పట్టీ వేసి ఉంది. మీద సైకిల్ బొమ్మ. విమల తన రిపోర్టులో సైకిల్‌వాళ్ళ కోసం రోడ్డు పక్కన నీడ అడిగింది, బడుల దగ్గర బండ్ల వేగం తగ్గించమంది, కూడళ్ళలో ఆగి నిలబడడానికి చోటు అడిగింది. దక్కింది ఆకుపచ్చ రంగు. దాని మీద ఇప్పుడు మోటారు సైకిళ్ళు వరసగా నిలబెట్టి ఉన్నాయి. వాటి మధ్య చెనక్కాయలు, అంటే వేరుశనగ కాయలు, ఎండబోశారు. చెనక్కాయల చివర ఒక బర్రె పడుకుని ఉంది. నేను సైకిల్‌తో పట్టీలోకి దిగగానే ఒకాయన అరిచాడు. "ఆడ కాదప్పా, సైకిల్ రోడ్డు మీద పోనీ! చెనక్కాయలు తొక్కుతాండావు!"

నేను వెతుక్కుంటూ వచ్చిన మొదటి మనిషి సుబ్బయ్య శెట్టి, నగల వ్యాపారి. విమల ఈయన గురించి ఎన్నోసార్లు చెప్పింది. సైకిల్ మీద మీకు భద్రంగా అనిపిస్తుందా అని ఆమె అందరినీ అడిగేది. ఆమె ఉద్దేశం లారీలు, గుంతలు. శెట్టి మాత్రం వేరే జవాబు చెప్పాడు. కంసాలులు పనిచేసే ఇంటి నుంచి అంగడికి నగలు ఆయన టిఫిన్ క్యారియర్ అడుగు గిన్నెలో పెట్టుకుని, దాన్ని సైకిల్ హ్యాండిల్‌కు తగిలించుకుని తెచ్చేవాడు. "కారులో పోతే నగలుండాయని దొంగకు తెలుస్తాది. సైకిల్ మీద పొయ్యే శెట్టి దగ్గర పెరుగన్నం తప్ప ఏముంటాది? ఇంతకన్నా భద్రం యాడుంటాదమ్మా?" అన్నాడట. పైగిన్నెలో నిజంగానే పెరుగన్నం ఉండేది.

ఇప్పుడాయనకు డెబ్బై దాటాయి. అంగడి కొడుకు చేతికి వచ్చింది. ఇంటి వాకిట్లో సైకిల్ చూడగానే శెట్టి చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి వచ్చాడు. బెల్లు కొట్టి చూశాడు. వెనక చక్రం తిప్పి చెవి పెట్టి విన్నాడు.

"టీచరమ్మ సైకిలే. ఆమె రాలేదా?"

చెప్పాను. ఆయన సీటు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. నేను వచ్చిన పని చెప్పాను.

"నాకియ్యి. నేను తొక్కుతా."

కొడుకు లోపలి నుంచి వచ్చి ఆయన చేతిని మెల్లగా సీటు మీద నుంచి తీశాడు. మంచి మనిషే. నాకు కుర్చీ వేయించి, కాఫీ తెప్పించి, విషయం విడమరిచి చెప్పాడు.

"సార్, మా నాయన సైకిల్ మీద బజార్లో కనపడితే ఏమైతాదో మీకు తెల్దు. శెట్టి కారు అమ్ముకున్యాడంటారు. సాయంత్రానికి అంగడి మునిగిపాయనంటారు. పొద్దున్నే చీటీలు కట్టినోళ్ళంతా వచ్చి మా మెట్ల మీద కూచ్చుంటారు. ఒక్క సైకిల్‌తో అంగడి మూతపడతాది సార్."

ఇది అతిశయోక్తి కాదట. పక్క వీధిలో ఒక వ్యాపారికి డాక్టరు సైకిల్ తొక్కమని చెబితే, పాపం తొక్కాడట. మూడు వీధులు తిరిగి వచ్చేసరికి అప్పులవాళ్ళు ఇంటి ముందు ఉన్నారట. సైకిల్ వల్ల కలిగే ప్రమాదాల గురించి నేను చదివినదాంట్లో ఇది ఎక్కడా లేదు.

"ఆరోగ్యానికైతే మేడ మీద ఉండాది సార్, సూడండి" అని పైకి తీసుకెళ్ళాడు.

మేడ మీద గదిలో వ్యాయామం సైకిల్ ఉంది. చక్రాలుండవు. నేలకు బోల్టులు బిగించారు. ఎదురుగా గోడకు అంగడి క్యాలెండరు. శెట్టి దాని మీదికెక్కి నాకోసం నాలుగు తొక్కులు తొక్కాడు.

"రోజూ అర్ధగంట తొక్కుతా సార్. దిగి సూస్తే మళ్ళీ ఇదే గది."

హ్యాండిల్‌కు పాత సైకిల్ బెల్లు ఒకటి బిగించుకున్నాడు. అది కొడితే కోడలు కాఫీ తెస్తుంది. దాన్ని ఉపయోగం కిందే లెక్కవేసుకోవాలి.

నేను సైకిల్ తోసుకుంటూ వచ్చేశాను. వీధి మలుపు దాకా వెనక మేడ మీద నుంచి బెల్లు వినబడింది. కాఫీ కోసం అయివుండదు, కాఫీ అప్పుడే తాగాం.

జమ్మలమడుగు

ఇక్కడ ఒక ఆరోగ్య సంఘంవాళ్ళు విమలకు పరిచయం. సైకిల్ ర్యాలీ చేస్తున్నామని, ఆ రోజే ఎవరైనా యోగ్యులకు సైకిల్ ఇప్పిస్తామని ఫోనులో చెప్పారు. ర్యాలీ చోటికి వెళ్ళే దారిలో, నాలుగు రోడ్ల కూడలిలో, ఒకతను గొడుగు కింద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని వచ్చే పోయే బండ్లను లెక్క రాస్తున్నాడు. ఏదో రోడ్డు వెడల్పు పనికి లెక్కలట. నన్ను చూసి కలం ఆపాడు.

"ఓ సార్! ఎక్కుతావా, ఎక్కవా?"

"ఎక్కను."

"ఎక్కితే సైకిల్. దిగితే మనిషి. ఇట్ల నూక్కుంటా పోతే నిన్ను యాడ రాయాల?"

"మనిషి అని రాయండి."

"మనిషికి చక్రాలు ఉండవు గదప్పా." కాసేపు ఆలోచించి రాశాడు. వంగి చూశాను. తోపుడుబండ్ల కింద గీత గీశాడు. అరటిపండ్ల బండికీ నాకూ తేడా లేదు.

సైకిళ్ళ కింద గీతలు దాదాపు లేవు. ఈ ఊళ్ళో సైకిళ్ళు లేవా అని అడిగాను.

"శానా ఉండాయి. అంతా మొబ్బునే, తెల్లారకముందే పోతారు, పాలోళ్ళు, పూలోళ్ళు, కూలికి పొయ్యేటోళ్ళు. నాకు తొమ్మిదింటి నుంచి డ్యూటీ."

కుర్చీ వెనక ఒక పాత సైకిల్ స్టాండు వేసి ఉంది. ఎవరిదన్నాను.

"నాదే. దాని మీదే వచ్చినా."

"దాన్ని రాశారా?"

"ఎట్ల రాస్తా సార్? నేను రాకముందే వచ్చినా గదా!"

అలా ఆ కూడలిలో సైకిళ్ళు లేవని తేలింది. కొత్త రోడ్డులో సైకిల్‌కు చోటు అక్కర్లేదని ఇక ఎవరైనా ధైర్యంగా చెప్పవచ్చు.

ర్యాలీ మైదానంలో సైకిళ్ళు ఒక ట్రాలీ ఆటోలో దిగాయి. టైర్లు చూశాను. రబ్బరు వెంట్రుకలు ఒక్కటీ రాలలేదు. ముందు నాలుగు కార్లు, వెనక నాలుగు కార్లు, మధ్యలో సైకిళ్ళు. నాయకుడు జీపులో నిలబడి జెండా ఊపాడు. సైకిల్ ఎక్కలేదు. ఎందుకని పక్కాయనను అడిగితే, నన్ను పక్కకు లాగి గొంతు తగ్గించాడు.

"సార్ యా ఊరు? సైకిల్ ఎవరి గుర్తో తెల్దా? మా నాయకుడు దాని మీద కూచ్చుంటే సాయంత్రానికి ఆ ఫోటో రాష్ట్రమంతా తిరగదూ?"

అందుకే ఫ్లెక్సీ మీద కూడా 'ద్విచక్ర ఆరోగ్య యాత్ర' అని వేశారు. బొమ్మలో నాయకుడి పక్కనున్న సైకిల్‌ను చక్రాలు కనబడకుండా కత్తిరించారు. కింద వరసలో స్థానిక పెద్దల ఫోటోలు, వాటికింద ఒక మూల, తపాలా బిళ్ళంత, విమల. 'జోహార్లు' అని రాసి ఉంది. ఆమె ఫోటో కోసం ఆ గుంపులో వెతకాల్సి వచ్చింది. దొరికాక చూస్తూ నిలబడ్డాను. అది మా పెళ్ళినాటి గ్రూపు ఫోటోలో నుంచి కత్తిరించింది. ఎక్కడ దొరికిందో తెలియదు. పక్కన నా భుజం కొంచెం ఉంది.

ఆ ఫ్లెక్సీని సరిగ్గా మలుపులో కట్టారు. మలుపుల్లో ఫ్లెక్సీ కడితే సైకిల్‌వాడికి బస్సు, బస్సుకు సైకిల్‌వాడు కనబడరని విమల నెత్తీనోరూ కొట్టుకునేది. నేను దాని వెనక నుంచి రోడ్డు మీదికి వచ్చేసరికి ఆటో ఒకటి వచ్చి సైకిల్ ముందు చక్రానికి తగిలింది. మడ్‌గార్డు వంకరపోయింది. నాకేమీ కాలేదు.

"సూసుకోని రావల్ల గదా!" అన్నాడు ఆటో ఆయన.

"ఏమీ కనబడలేదండీ."

అతను తల తిప్పి ఫ్లెక్సీ వైపు చూశాడు. "అవునులే. ఆయమ్మ ఎవురో అడ్డమొచ్చింది" అన్నాడు.

అంతమంది నాయకులను వదిలేసి, అడ్డమొచ్చింది ఆమేనని అతనికెలా తోచిందో తెలియదు. సైకిల్ ఇవ్వడం గురించి నేనిక ఎవరినీ అడగలేదు. రాత్రికి సంగటి, ఊరుబిండి తిని పడుకున్నాను. ఊరుబిండి అంటే వేరుశనగ పచ్చడి. రుబ్బురోటిలో నూరారు. ఆ ఊళ్ళో ఆ రోజు ఎవరో శ్రద్ధగా చేసిన పని అదొక్కటే అనిపించింది.

ముద్దనూరు

పులివెందుల బస్సు కోసం ముద్దనూరులో ఆగాను. దూరాన విద్యుత్ కేంద్రం గొట్టాలు. టీ తాగుతుంటే ఒక రైతు వచ్చి పక్కన కూర్చున్నాడు. తలగుడ్డ, చేతిలో డ్రిప్పు పైపు చుట్ట. పంచరా అని అడిగాడు. మూడు ప్రశ్నలూ అయ్యాక, ఉచితంగా ఇస్తున్నానని చెబితే నమ్మలేదు. నమ్మాక లేచి సైకిల్ చుట్టూ తిరిగాడు.

"నీళ్ళు కట్టను తోటకాడికి పోవాల రోజూ. పనికొస్తాది. మడ్‌గార్డు నేను సరిచేసుకుంటాలే." హ్యాండిల్ పట్టుకున్నాడు. "ఎవురిది?"

"మా ఆవిడది. పోయింది."

చెయ్యి తీసేశాడు. వేళ్ళు పంచెకు తుడుచుకున్నాడు.

"సచ్చిపోయినోళ్ళ బండా? ముందే చెప్పరాదా! వద్దులేప్పా. మా ఇంట్లో ఒప్పుకోరు."

విమల చెప్పినట్టే మొహం మీద చెప్పాడు. బాధ అనిపించలేదు. మొహమాటానికి తీసుకునివుంటే అది పశువుల కొట్టంలో పడివుండేది. అతను నా టీ డబ్బులు తానే ఇచ్చి బస్సెక్కి వెళ్ళిపోయాడు.

పులివెందుల

మిగిలింది ఒక్క మనిషి. రిటైరైన హెడ్మాస్టరు, ఉదయపు నడక సంఘానికి అధ్యక్షుడు. ఈ సంఘంలో అందరూ పొద్దున్నే మోటారు సైకిళ్ళ మీద మైదానానికి వచ్చి, నాలుగు చుట్లు నడిచి, మోటారు సైకిళ్ళ మీద ఇంటికి వెళ్ళిపోతారు. "తీసుకురండి సార్, మేం చూసుకుంటాం, మీరు దిగులు పడొద్దు" అని ఆయన ఫోనులో అన్నాడు. ఎవరో తొక్కే మనిషి దొరికాడనుకున్నాను.

ఆయన నన్ను కూడలికి తీసుకెళ్ళాడు. రాయలసీమలో కూడలి అంటే విగ్రహం. ఇక్కడ విగ్రహం లేని కూడలి ఒకటి మిగిలిపోయినందుకు సంఘం చాలాకాలంగా బాధపడుతోందట. ఇప్పుడు సిమెంటు స్తంభం లేచింది, నా ఎత్తుకు రెండింతలు.

"మేడం సైకిల్ దీని మీద పెడతాం. బంగారు రంగు తెప్పించినాం. కింద లైట్లు. తరాలు గుర్తుంచుకుంటారు సార్."

నిజంగా గౌరవంతోనే అన్నాడు. కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి. నేను స్తంభం అడుగు చూస్తున్నాను. నడిచేవాళ్ళు, సైకిల్‌వాళ్ళు రోడ్డు దాటేముందు ఆగడానికి ఉన్న కాస్త చోటును ఆ దిమ్మె మింగేసింది. ఒక ముసలామె గడ్డిమోపుతో దిమ్మె చుట్టూ తిరిగి లారీలకు ఎదురుగా దిగి దాటుతోంది. వెల్డింగ్ మనిషి మర్నాడు పొద్దున వస్తాడని, ముఖ్య అతిథి పదింటికని హెడ్మాస్టరు చెప్పాడు. కాదనడానికి నోరు రాలేదు. మేం గుంటూరువాళ్ళం. ఆలోచించి చెబుతానన్నాను. ఆయన దాన్ని సరేననడం కింద తీసుకున్నాడు.

బస చేసిన చోటు పక్కన ఒక భోజన హోటల్ ఉంది. మధ్యాహ్నం అక్కడ కూర్చుంటే వంట దగ్గర గొడవ. వంట చేసే ఓబులమ్మ అనే ఆమె ఆలస్యంగా వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. హోటల్ యజమాని ఆమె మీద విరుచుకుపడ్డాడు.

"సంగటి కెలికే టయానికి నువ్వు ఆటోలో కూచ్చోనుంటే ఎట్ల ఓబులమ్మా?"

"ఆటో నిండల్యా అన్నా. నిండందే వాడు కదలడు. దిగి నూకమంటావా?"

"రోజూ ఇదే మాట. ఇంకోసారి ఆలస్యమైతే వేరే మనిషిని సూసుకుంటా, ఇదే ఆఖరు."

"సూసుకో. ఆమె గూడా ఆ ఆటోలోనే రావల్ల."

అని సంగటి ముద్ద నా విస్తట్లో పెట్టి, చికెన్ పులుసు పోసింది. ఆమె ఊరు బస్సు దారిలో లేదు. ఆటో పదిమంది చేరేదాకా కదలదు. పొద్దున్నే అంతమంది చేరరు.

మర్నాడు పొద్దున సైకిల్ తోసుకుంటూ కూడలికి వెళ్ళాను. నడక సంఘం అంతా ఉంది. వెల్డింగ్ మనిషి, నిచ్చెన, బంగారు రంగు డబ్బా ఉన్నాయి. హెడ్మాస్టరు సైకిల్‌ను ముందుకూ వెనక్కూ చూశాడు.

"ముందు టైర్లు పీకేద్దాం. రబ్బరు ఎండకు పగిలిపోతాది. ఇనుము అయితే శాశ్వతంగా ఉంటాది."

వెల్డింగ్ మనిషి పానా తీశాడు.

"టైర్లు తీయొద్దు" అన్నాను.

ఎవరూ వినలేదు. నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాదు. రెండోసారి అరిచాను. అంతా తిరిగి చూశారు. సైకిల్ హ్యాండిల్ పట్టుకుని వెనక్కి తిప్పి, వచ్చిన దారినే తోసుకుంటూ నడిచాను. వెనక నుంచి "సార్! గెస్టు బయల్దేరినాడు సార్!" అని వినబడుతూనే ఉంది. దారిలో ఒకాయన పంచరా అని అడిగాడు. అవునన్నాను.

హోటల్ వాకిట్లో ఓబులమ్మ అప్పుడే ఆటో దిగింది. ఆ రోజూ ఆలస్యమే. యజమాని ఇంకా రాలేదు కాబట్టి గండం తప్పింది.

"నీకు సైకిల్ వచ్చామ్మా?" అన్నాను.

"వస్తాది. సిన్నప్పుడు మా అన్నది తొక్కతాంటి, గెనాల మీద. ఏం సార్?"

గెనాలంటే పొలం గట్లు. గట్టు మీద తొక్కినవాళ్ళకు రోడ్డు పెద్ద లెక్క కాదు. సైకిల్ తీసుకోమన్నాను. ముద్దనూరు పాఠం గుర్తుండి, ఎవరిదో, ఆమె పోయిన సంగతీ ముందే చెప్పేశాను. ఓబులమ్మ నావైపు వింతగా చూసింది.

"సచ్చిపోయినామె కమ్మలైతే ఎవురూ వద్దనరు సార్. కొట్లాడి మరీ తీసుకుంటారు. సైకిలంటేనే దయ్యం పడతాదా?"

కొంగు నడుముకు చుట్టింది. సీటు ఎత్తుందని, దించమని నాతోనే పానా తెప్పించింది. ఎక్కి, తూలి, ఒక కాలు నేలకు తన్ని, మళ్ళీ ఎక్కింది. హోటల్ ముందు నుంచి మలుపు దాకా పోయి తిరిగి వచ్చింది. దారిలో ఒక మోటారు సైకిల్‌వాడు ఏదో అన్నాడు. ఆమె బదులిచ్చింది. ఆ బదులు ఇక్కడ రాయను. తిరిగి వచ్చి సైకిల్ దిగి, "బ్రేకు సదరంగా లేదు. మీ ఆవిడ ఎట్ల తొక్కిందో ఏమో" అంది.

అంతలో హెడ్మాస్టరు రొప్పుతూ వచ్చాడు. విషయం చెప్పాను.

"మీరిట్ల చేస్తే ఎట్ల సార్! స్తంభం మీద ఏం పెట్టేది?"

నాకు ప్రొద్దుటూరు మేడ మీది వ్యాయామం సైకిల్ గుర్తొచ్చింది. శెట్టి కొడుక్కి ఫోన్ చేశాను. కూడలి, స్తంభం, బంగారు రంగు, పదిమందీ చూసే చోటు అని వివరించాను.

"దాతగా అంగడి పేరు రాస్తారా సార్?" అన్నాడతను.

హెడ్మాస్టరు రాస్తామన్నాడు. బేరం కుదిరింది. ముఖ్య అతిథిని రెండు రోజులు ఆగమన్నారు. ఫోనులో కొడుకు వెనక నుంచి శెట్టి గొంతు వినబడింది. "ఇచ్చేయ్‌రా! ఇప్పుడే బోల్టులు పీకు! బెల్లు మాత్రం నాకుండనీ!"

గుంటూరు

ఇంటికి వచ్చాక ఆ ఊళ్ళ నుంచి ఎవరూ ఫోన్ చేస్తారనుకోలేదు. వానలు మొదలయ్యే రోజుల్లో ఓబులమ్మ చేసింది.

"సార్, వెనక టైరు అరిగిపోయింది."

"అప్పుడేనా?"

"అప్పుడేనా అంటే? పొద్దున పోతాండా, మాపటికి వస్తాండా. సంత నాడు బియ్యం మూట గూడా దాని మీదే. మా ఆయన ఎక్కబోతే ఆడోళ్ళ సైకిల్ నీకెందుకని దింపేసినా. అరగక ఏమైతాది?"

"మార్పించుకోమ్మా. డబ్బు పంపిస్తాను."

"దుడ్లకు కాదు సార్ చేసింది. మార్పించుకున్యా. ఊరికే చెప్తాండా." అంతటితో వదల్లేదు. "ఆ స్తంభం మీద పెట్టినదానికి చక్రాలే ల్యావు సార్. సూసినోళ్ళంతా నవ్వతాండారు. దాని కిందనే నేను రోజూ మలుపు తిప్పుకోవాల. లారీ వస్తే నిలబడను చోటు ల్యా. ఎవురు కట్టించినారో గానీ, వాళ్ళ చేతులు ఇరగ."

"పాత టైరు ఎంత అరిగింది?" అని అడిగాను.

"నున్నగా సార్. చెయ్యేస్తే జారతాది."

విమల అయితే ఈ మాట కూడా నమ్మేది కాదు. వంగి చూసేది. నేను నమ్మాను.